కాలేయ క్యాన్సర్ సూది మీద నా అనుమానాలు

మా వార్డులో నర్సులు నా వెనక నన్ను ‘డౌట్ల మేడమ్’ అనేవారు. నాకు తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేదాన్ని, ఎందుకంటే ఆ మాటలో తప్పేమీ లేదు. ల్యాబ్ నుంచి రిపోర్టు వస్తే ముందు అది ఈ మనిషిదేనా అని చూస్తాను. రోగి బాగున్నానంటే ఎందుకు బాగున్నాడో అర్థమయ్యేదాకా నాకు కుదురుండదు. ఇంట్లోనూ అంతే. మా ఆయన వంకాయలు తెస్తే ఒక్కోదాన్నీ తిప్పి చూసి గాని బుట్టలో వెయ్యను. ఆయన ఈ విషయంలో నాతో వాదించడం ఎప్పుడో మానేశాడు.

నా ఉద్యోగమంతా మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోనే గడిచింది. కడుపు జబ్బులు, కాలేయం జబ్బులు చూసేదాన్ని. ఇప్పుడిది రాస్తున్నది జిల్లా దవాఖానలకు కొత్తగా వస్తున్న డాక్టర్ పిల్లల కోసం. నేను ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారానో మీకు అక్కర్లేదు. కాలేయ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ అనే కొత్త చికిత్స వచ్చినప్పుడు మా దగ్గర ఏం జరిగిందో చెబుతాను. ఆ మందు గురించి పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉంటుంది. అది వేయించుకున్న మనిషి పట్నంలో బస్సెక్కి సొంత ఊళ్ళో దిగాక ఏమవుతుందో మాత్రం వాటిలో ఉండదు.

లివర్ పేషెంటుకు తలకాయ ఉండదా?

నాకు అనుమానించడం నేర్పింది మహబూబ్‌నగర్‌లో నా మొదటి బాస్. పొట్టిగా, ఎప్పుడూ చిరాగ్గా ఉండేవాడు. ఆయన నోట మెచ్చుకోలు మాట నేను ఒక్కటీ వినలేదు. రోగులు మాత్రం ఆయనకే చూపించుకుంటామని మొండికేసేవారు.

ఒకసారి కొత్తకోట వైపు నుంచి ఒక తాగుడు మనిషిని తెచ్చారు. కడుపులో నీరు, కళ్ళలో పసుపు, మాట తడబాటు, మగత. కాలేయం బాగా చెడితే మెదడు మీదికి వస్తుంది. పైగా ఆ వైపు కల్లు ఒక్కసారిగా మానేసి మతి తప్పినవాళ్ళను తరచూ చూసేవాళ్ళం. అందుకని నేనూ, నాతో పాటు ఉన్న ఇంకో జూనియరూ ఈ రెండు కారణాలే రాసి, పని అయిపోయిందనుకున్నాం. బాస్ వచ్చాడు. మేం రాసింది చూడనే లేదు. రోగి జుట్టులో వేళ్ళు పెట్టి తల తడిమాడు. చెవి పైన ఒక బొప్పి.

“ఎప్పుడు పడ్డడమ్మా?” అని భార్యను అడిగాడు.

“పోయిన వారం సార్. బండ మీదికెంచి జారిండు. మల్ల లేసి మంచిగనే నడిసిండు, అందుకే చెప్పలె.”

స్కాన్ తీయిస్తే తలలో రక్తం గడ్డకట్టి ఉంది. వెంటనే పట్నం పంపితే ఆపరేషన్ చేశారు, బతికాడు. బాస్ మమ్మల్ని పక్కకు పిలిచి ఒకటే అన్నాడు. “లివర్ పేషెంటుకు తలకాయ ఉండదా?”

మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే. ఒక మనిషికి పెద్ద జబ్బు పేరు ఒకటి అంటుకుందంటే, ఆ తర్వాత ఆ మనిషిని ఎవరూ సరిగ్గా చూడరు. ఏమైనా ఆ జబ్బు మీదికే తోసేస్తారు. క్యాన్సర్ విషయంలో ఇది మరీ ఎక్కువ.

సూది ఏం చేస్తుంది

నేను చదువుకున్న రోజుల్లో కాలేయ క్యాన్సర్ ముదిరాక కనబడితే మా చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. గడ్డ చిన్నదైతే కోసేవాళ్ళు, కాల్చేవాళ్ళు, కొందరికి కాలేయం మార్చేవాళ్ళు. గడ్డ రక్తనాళంలోకి పాకిందంటే ఇంటికి పంపడమే. తర్వాత కొన్ని మాత్రలు వచ్చాయి. ఒళ్ళు హూనం చేసి కొంతకాలం ఆయుష్షు ఇచ్చేవి. ఇమ్యునోథెరపీ ఆ తర్వాత వచ్చింది.

మందుల కంపెనీ తరఫున టై కట్టుకుని వచ్చే అబ్బాయి దాని గురించి చెబుతున్నప్పుడు నాకు వెంటనే అనుమానం వచ్చింది. అతను చూపించిన బొమ్మల్లో రోగులందరూ నవ్వుతున్నారు. “ఇది పని చెయ్యనివాళ్ళ బొమ్మ ఏది నాయనా?” అన్నాను. పని చెయ్యనివాళ్ళు చాలామందే ఉంటారు. కొందరికి గడ్డ కరుగుతుంది, కొందరికి పెరగకుండా ఆగుతుంది, మిగతావాళ్ళకు ఏమీ కాదు. ఎవరు ఏ గుంపులో పడతారో ముందే గట్టిగా చెప్పే పరీక్ష నాకు తెలిసి ఇప్పటికీ లేదు. ఎవరైనా గ్యారంటీ అన్నారంటే వాళ్ళను నమ్మకండి.

అసలు అది చేసే పని ఇది. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. క్రిములను, చెడిపోయిన కణాలను పట్టి చంపడం వాటి పని. అవి రెచ్చిపోయి సొంత ఒంటినే కొరకకుండా ఆపేందుకు కూడా ఒంట్లో ఏర్పాటుంది. క్యాన్సర్ ఆ ఏర్పాటును తనకు అనుకూలంగా వాడుకుంటుంది. కాపలా కణం పక్కనే ఉండి కూడా దాన్ని ముట్టుకోదు. ఈ మందు క్యాన్సర్‌ను నేరుగా చంపదు, కాపలా కణాలను ఆపి పట్టిన చేతిని విడిపిస్తుంది, అంతే. మిగతా పని మన ఒళ్ళే చేసుకోవాలి.

కరోనా తర్వాత జనానికి ఇమ్యూనిటీ అనే మాట బాగా అలవాటైంది. అల్లం కషాయం నుంచి బిస్కెట్ల దాకా అన్నిటి మీదా ఆ మాటే. దాంతో ఈ సూదిని కూడా బలం సూది అనుకునేవారు. ఒకాయన తన తమ్ముడికి సూది రాస్తుంటే, “జర మా ఇంట్ల అందరికీ తలొకటి ఎయ్యుండ్రి మేడమ్, ఇమ్యూనిటీ పెరుగుతది,” అన్నాడు. నవ్వొచ్చింది గానీ భయమూ వేసింది. బలం సూది అనుకున్నవాళ్ళు దాని వల్ల వచ్చే కష్టాన్ని కష్టమనుకోరు. విడిచిన కాపలా కణాలు పేగుల మీద పడొచ్చు, ఊపిరితిత్తుల మీద పడొచ్చు, మంచిగా ఉన్న కాలేయం మీద కూడా పడొచ్చు. మెదడు కింద, కిడ్నీల పైన ఉండే చిన్న గ్రంథులను దెబ్బతీయొచ్చు. సూది ఆపేసిన కొన్ని నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు.

నందికొండ పెద్దమనిషి తొందర

ఈ సూదిని చాలాసార్లు ఒంటరిగా ఇవ్వరు. గడ్డకు రక్తం అందకుండా చేసే ఇంకో మందు జతచేస్తారు. ఆ రెండో మందుతో రక్తస్రావం భయం ఉంది. కాలేయం గట్టిపడ్డ మనిషికి గొంతు కింద ఆహారనాళంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. కాబట్టి ముందు లోపలికి గొట్టం వేసి చూడాల్సిందే.

నందికొండలో డ్యామ్ మీద పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చాడు. నీళ్ళ శాఖ మనిషి, గట్టి గొంతు. పట్నంలో ఎవరో వెంటనే సూది మొదలుపెట్టాలన్నారట, సోమవారం నాటికి కాగితాలన్నీ కావాలన్నాడు. గొట్టం వెయ్యాలంటే ఇంతెత్తున లేచాడు.

“నాకు కడుపుల నొప్పే లేదు. గొట్టమెందుకు? మీరు ఊకెనే లేట్ చేస్తాండ్రు.”

“సార్, మీరు డ్యామ్ గేటు ఎత్తే ముందు కింద ఎవరన్న ఉన్నరా అని చూస్తరా, చూడరా?”

ఆయన గొణుక్కుంటూ పడుకున్నాడు. లోపల రక్తనాళాలు వేలంత లావున ఉబ్బి ఉన్నాయి. వాటికి బిగుతుగా రబ్బరు పట్టీలు వేసి, మానాక సూదికి పంపాను. సూది ఆయనకు పని చెయ్యలేదు. గడ్డ పెరిగింది, ఆయన పోయాడు. కానీ రక్తం కక్కుకుని పోలేదు, ఇంట్లో తన మంచం మీద పోయాడు. ఆయన కొడుకు వచ్చి దండం పెట్టి వెళ్ళాడు. మన పనిలో కొన్నిసార్లు దక్కేది అంతే. దాన్ని చిన్నది అనుకోకండి.

మార్కండయ్య

మార్కండయ్య చండూరు వైపు చేనేత మనిషి. సన్నగా, తక్కువ మాటలతో ఉండేవాడు. భార్య సుగుణమ్మ నూలు కండెలు చుట్టేది, ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేసేవాడు. ఆయన తరఫున మాటలన్నీ ఆమే మాట్లాడేది.

మొదటిసారి చూసినప్పుడు నేను అందరినీ అడిగినట్టే అడిగాను. “ఎంత తాగుతవు?”

“తాగ మేడమ్.”

“కల్లు?”

“పండుగకు ఇంత. అది గూడ ఎవలన్న బలవంతం జేస్తేనే.”

నమ్మలేదు. సుగుణమ్మను విడిగా అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. “ఊర్ల గూడ గిదే లొల్లి మేడమ్. లివరు పోయిందంటే తాగిండనే అంటరు. మా ఆయన చాయి గూడ సగమే తాగుతడు.” రక్తపరీక్షలో హెపటైటిస్ బి వైరస్ బయటపడింది. ఎప్పటి నుంచో లోపల కూర్చుని కాలేయాన్ని తినేసింది. సుగుణమ్మకు కూడా పరీక్ష చేయించి, లేదని తేలాక టీకా వేయించాను. వైరస్‌కు రోజూ వేసుకునే మాత్ర రాసి, సూదులు మొదలయ్యాక కూడా ఆపకూడదని ఇద్దరికీ చెప్పాను.

గడ్డ రక్తనాళానికి ఆనుకుని ఉంది. కోయడానికి లేదు, కాలేయం మార్చడానికి లేదు. పట్నంలో ఒక క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి పంపాను. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. ఆయన ఇమ్యునోథెరపీ మొదలుపెడదామన్నాడు. వెళ్ళే ముందు సుగుణమ్మ నా దగ్గర కూర్చుని అది ఏం చేస్తుందని అడిగింది.

“నీ ఎద్దు ముకుతాడు దొంగ పట్టుకున్నడనుకో. ఎద్దు ఉన్నా దొంగను పొడవదు. ఈ సూది దొంగ చేతుల నుంచి ముకుతాడు విడిపిస్తది.”

ఆమె ఎదురు ప్రశ్న వేసింది. “ముకుతాడు లేని ఎద్దు దొంగనే పొడుస్తదని ఏం నమ్మకం? మన చేనే మేస్తదేమో.”

“మేయొచ్చు. అందుకే ఏం తేడా వచ్చినా నాకు ఫోన్ చెయ్యాలె.”

ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషిని నేను వేరే చూడలేదు. మందులేమైనా వాడుతున్నాడా అని కూడా అడిగాను. వైరస్ మాత్ర తప్ప ఏమీ లేవంది.

కొన్ని సూదులయ్యాక స్కాన్ తీస్తే గడ్డ తగ్గింది. నాకు ఆ మాట మీద కూడా అనుమానమే. ఇంకొకరి చేత చదివించాను. నిజమే, తగ్గింది. మనిషి మాత్రం రోజురోజుకూ నీరసించాడు. మొహం చిక్కింది, తిండి తగ్గింది. పట్నంలో సూది వల్ల అన్నారు. ఊళ్ళో క్యాన్సర్ కదా అన్నారు.

ఎవరికి వాళ్ళకు ఒక దోషి

ఒక మధ్యాహ్నం మా దవాఖాన ముందు అంబులెన్స్ ఆగింది. మార్కండయ్యకు రెండు రోజుల జ్వరం, వాంతులు, తర్వాత మగత. పట్నంలో ఎమర్జెన్సీలో చూసి, కాలేయం చేతులెత్తేసింది, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఇంటికి పోయే దారిలో సుగుణమ్మ డ్రైవర్‌ను బతిమాలి మా దగ్గర ఆపించింది.

“ఇంటికే తీస్కపోతాన్న మేడమ్. మీకు ఒకపాలి చూపిచ్చి పోదామనిపిచ్చింది,” అంది. ఏడవలేదు. ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది.

పిలిస్తే పలకడం లేదు. బీపీ అందడం లేదు. రక్తంలో చక్కెర పడిపోయింది, ఉప్పు తగ్గిపోయింది. కాలేయం పూర్తిగా చెడినా ఇవన్నీ జరుగుతాయి. పట్నంలో వాళ్ళు అన్నది అడ్డగోలు మాటేమీ కాదు. కానీ కళ్ళు చూస్తే పసుపు కిందటి నెల కంటే పెరగలేదు. కడుపులో నీరు లేదు. కాలేయం చేతులెత్తేసిన మనిషి కళ్ళు ఇట్లా ఉండవు. ఈ సూది గ్రంథులను దెబ్బతీస్తుందని చదివింది గుర్తొచ్చింది. కిడ్నీల పైన ఉండే గ్రంథులు ఒంటికి కావలసిన స్టిరాయిడ్‌ను రోజూ తయారుచేస్తాయి. అది ఆగిపోతే మనిషి సరిగ్గా ఇట్లాగే కూలిపోతాడు. పరీక్షకు రక్తం తీసి పెట్టి, రిపోర్టు కోసం ఆగకుండా స్టిరాయిడ్ సూది వేయించి సెలైన్ పెట్టించాను.

మర్నాడు పొద్దున నేను వార్డులోకి వెళ్ళేసరికి మార్కండయ్య దిండుకు ఆనుకుని కూర్చుని ఉప్మా తింటున్నాడు. సుగుణమ్మ ఇప్పుడు ఏడుస్తోంది. నేను నర్సులు చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

రిపోర్టు వచ్చింది. ఆ స్టిరాయిడ్ ఒంట్లో దాదాపు లేదు. పట్నం డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన సంతోషించాడు గానీ వెంటనే ఇంకో మాట అన్నాడు.

“మేడమ్, ఇది ఆ మందు వల్ల వచ్చిందే. గ్రంథి దెబ్బతింది. ఈసారి మీ పుణ్యమా అని బతికాడు. మళ్ళీ ఇంకో డోసు ఇచ్చి ప్రాణం మీదికి తెచ్చే ధైర్యం నాకు లేదు. ఆపేస్తున్నాను.”

కొందరు డాక్టర్లు ఇలాంటప్పుడు కూడా స్టిరాయిడ్ మాత్ర ఇస్తూ సూది కొనసాగిస్తారు. ఈయన ఒప్పుకోలేదు. ఆయన భయం ఆయనది. కానీ సూది ఆపితే గడ్డ మళ్ళీ లేస్తుంది. పని చేస్తున్న మందు ఇదొక్కటే. ఈ ముక్క సుగుణమ్మకు చెప్పాల్సింది నేనే.

ఆ రోజంతా నన్ను ఒకటే తొలిచింది. మార్కండయ్య ముంజేతుల చర్మం కాగితంలా పలచగా ఉంది. అక్కడక్కడా నల్లటి కమిలిన మచ్చలు. కొత్త సూది చర్మాన్ని ఇట్లా చెయ్యదు. ఇది కొన్ని నెలల పని కాదు, ఏళ్ళ పని. సాయంత్రం సుగుణమ్మను పిలిచాను. ఈసారి మందుల గురించి అడగలేదు.

“గుంటల కూసోని మగ్గం తొక్కుతడు గదా, మోకాళ్ళు నొయ్యవా?”

“ఎందుకు నొయ్యవు మేడమ్? మా దిక్కు ఎవలకు నొయ్యవు? ఆ పాత నీళ్ళు తాగినోళ్ళకు బొక్కలన్నీ నొస్తయి.” ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి గానీ వాటికి ముందే ఎముకలు పాడైనవాళ్ళు ఆ వైపు ఇంటికొకరుంటారు.

“మరి ఎట్ల నేస్తడు?”

“పొద్దుగాల ఓ గోలీ ఏసుకుంటడు. ఇగ పొద్దుమూకేదాక ఫికర్ ఉండది.”

“ఏం గోలీ? మందులేం వాడతలేడని చెప్పినవు గదా!”

ఆమె నా మొహం చూసి బిత్తరపోయింది. “అది మందెట్లయితది మేడమ్? నొప్పుల గోలీ. చాయి తాగినట్టు మా గల్లీల అందరు ఏసుకుంటరు. జానయ్య అన్న ఇస్తడు.”

“ఇప్పుడు గూడ వేసుకుంటున్నడా?”

“లేదు. పెద్ద సూదులు సురువైనంక జానయ్య అన్న ఇస్తలేడు. పట్నం సూది నడుస్తాంది, నేను ముట్ట అన్నడు.”

ఊళ్ళలో ఇట్లా చేతికిచ్చే నొప్పుల గోలీ చాలాసార్లు స్టిరాయిడే, చర్మాన్ని అట్లా పలచన చేసేదీ అదే. రోజూ స్టిరాయిడ్ మింగే మనిషికి గ్రంథులు పని మానేస్తాయి, బయటి నుంచి వస్తోంది కదా అని. ఆ గోలీ ఒక్కసారిగా ఆపితే ఒంట్లో ఏమీ మిగలదు. మామూలు రోజుల్లో నీరసంతో ఈడుస్తాడు, ఒక్క జ్వరం వస్తే కూలిపోతాడు. ఇదే నిజమైతే కొత్త సూది ఏ పాపమూ ఎరగదు.

టోకెన్ తీసుకుని వచ్చిన మనిషి

నేను చెప్పగానే పట్నం డాక్టర్ నమ్మలేదు. సూది దెబ్బతీసిన గ్రంథి, గోలీ వల్ల పని మానేసిన గ్రంథి పరీక్షలో ఒకేలా కనబడతాయి, అది నిజం. “ఆ గోలీ స్టిరాయిడే అని తెలియాలి కదా మేడమ్. ఏదో నొప్పుల గోలీ అంటే నేను మళ్ళీ మందు ఎట్లా మొదలుపెట్టను?” అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. గోలీలను జానయ్య కాగితంలో చుట్టి ఇచ్చేవాడట. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

జానయ్య ఆ ఊరి ఆర్‌ఎంపీ. డిగ్రీ లేని ఊరి డాక్టర్. ఫోన్ చేస్తే, “గ్యాస్ గోలీలు తప్ప నేనేం ఇయ్యలె మేడమ్,” అని పెట్టేశాడు. అబద్ధమని తెలుస్తూనే ఉంది. అతని భయమూ నాకు తెలుసు. నేను ఆర్‌ఎంపీల మీద ఎప్పుడూ నిప్పులు కక్కేదాన్ని, వాళ్ళు పంపిన రోగుల ముందే తిట్టేదాన్ని. ఆ తిట్లు ఊళ్ళకు చేరకుండా ఉంటాయా?

సుగుణమ్మతో కబురు పంపాను. కేసు పెట్టను, ఎవరికీ రాయను, ఆ గోలీ పేరు ఒక్కటి చెప్తే చాలు, లేకపోతే సూది ఆగిపోతుంది అని. ఆమె నా మాటను ఎట్లా చెప్పిందో నాకు తెలియదు. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు నా ఓపీలో ఒక పేరు పిలిస్తే, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి వచ్చి రోగులు కూర్చునే స్టూల్ మీద కూర్చున్నాడు. అందరిలాగే టోకెన్ తీసుకుని, లైన్‌లో ఉండి వచ్చాడు.

“నేనే మేడమ్, జానయ్యను.” చేతిలో మందుల అట్ట ఒకటి. బల్ల మీద పెట్టాడు. చూశాను. స్టిరాయిడే.

“ఎప్పటి నుంచి ఇస్తున్నవు?”

“శాన ఏండ్ల నుంచి.”

“మరి ఒక్కసారే ఎందుకు ఆపినవు?”

“ఎట్ల ఇస్త మేడమ్? క్యాన్సర్ మనిషి. నా గోలీ తిన్న తెల్లారి సచ్చిండంటే ఊర్ల నన్ను ఉండనిస్తరా? మీరు ఊకుంటరా? అందుకే ముట్టలె. బంద్ చేస్తే గిట్లయితదని నాకెవలు చెప్పిండ్రు?”

గోలీ ఇచ్చి చెడగొట్టాడు సరే, భయపడి ఆపినందుకు మనిషి చావు దాకా పోయాడు. నేనంటే భయపడి నా దగ్గర దాచాడు. ఇందులో ఏది పెద్ద తప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అతన్ని క్షమించానని మాత్రం అనుకోకండి. ఇంకా అమ్ముతూనే ఉన్నాడని నా గట్టి అనుమానం.

అట్ట ఫొటో తీసి పట్నం డాక్టర్‌కు పంపాను, జానయ్యను ఆయనతో ఫోన్‌లో మాట్లాడించాను. చాలాసేపు ప్రశ్నలు వేశాడు. చివరికి, “సరే మేడమ్, పంపండి,” అన్నాడు. ఒంటికి ఎంత కావాలో అంతే స్టిరాయిడ్, చిన్న మోతాదు మాత్ర, మొదలుపెట్టాం. ఆ కాస్త మోతాదు కాపలా కణాలను నిద్రపుచ్చదు. ఎక్కువైతే నిద్రపుచ్చుతుంది, సూది దండగవుతుంది. జ్వరం వస్తే ఆ మాత్ర పెంచాలని, ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదని సుగుణమ్మకు నేర్పించాను. సూదులు మళ్ళీ నడిచాయి.

కాబట్టి కొత్తగా వచ్చే మీకు నేను చెప్పేది ఇంతే. ఈ చికిత్సను గుడ్డిగా నమ్మకండి, గుడ్డిగా తప్పు పట్టకండి. మనిషి కూలిపోతే కాలేయాన్ని అనుమానించండి, సూదిని అనుమానించండి, అక్కడితో ఆగకండి. “మందులేమైనా వాడుతున్నారా” అనే ప్రశ్న మన ఊళ్ళలో పనికిరాదు. పొద్దున లేచింది మొదలు ఏం మింగుతారో, ఏం పూస్తారో, ఎవరి దగ్గరికి పోతారో ఒక్కోటీ అడగండి. మీకూ ఏదో ఒక పేరు పెడతారు. పెట్టనివ్వండి.

మోకాళ్ళు

నేను రిటైరయ్యే నాటికి మార్కండయ్య బతికే ఉన్నాడు. గడ్డ ఇంకా తగ్గి, ఆగింది. ఎంతకాలం ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. చివరిసారి ఇద్దరూ కలిసి వచ్చారు. స్కాన్ బాగుందని చెబితే ఆయన మొహంలో నేను అనుకున్న సంతోషం కనబడలేదు.

“మగ్గం ఎక్కుతలేను మేడమ్,” అన్నాడు. ఆయన అంతట ఆయన మాట్లాడటం అరుదు. “మోకాళ్ళు వంగుతలేవు. కుర్సీల కూసోని కండెలు చుడుతాన్న.”

“మరి మగ్గం?”

“నేనే నేస్తాన్న,” అంది సుగుణమ్మ. “నాకు వచ్చు గదా. సిన్నప్పుడు మా బాపు నేర్పిండు.” చీర కుచ్చిళ్ళ మీద నుంచే మోకాళ్ళు నొక్కుకుంటోంది. తనకు తెలియకుండానే నొక్కుకుంటోంది.

మార్కండయ్యకు నేను ఇవ్వగలిగిన నొప్పి మందు పెద్దగా ఏమీ లేదు. కాలేయం అట్లా ఉన్నప్పుడు చాలావరకు ముట్టకూడనివే. కొంచెం పారాసిటమాల్, అది కూడా కొలిచి. వేడి కాపడం, కాళ్ళు చాపి చేసే వ్యాయామం ఇద్దరికీ చెప్పాను. ఏళ్ళ తరబడి గుంటలో కూర్చుని తొక్కిన మనిషికి, ఇప్పుడు పగలంతా తొక్కుతున్న మనిషికి అవి ఏ మూలకు? నాకు సిగ్గేసింది.

సుగుణమ్మ లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “గంత పెద్ద గడ్డకు సూది కనిపెట్టిండ్రు గదా మేడమ్. గీ మోకాళ్ళకు ఏం లేదా?”

“నా దగ్గర లేదు సుగుణమ్మా.”

తల ఊపి వెళ్ళిపోయింది. ఉన్నదేదో జానయ్య దగ్గర ఉంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.